మేడ మీది కాపురం

మేనేజరమ్మకు కోపం ముక్కు మీదే ఉంటుందని సరస్సు చుట్టూ తిరిగే వాళ్ళందరికీ తెలుసు. చెప్పులు చేతబట్టుకుని రెల్లుగడ్డిలోకి దిగే జంటలకు తెలుసు, గాలాలు వేసుకుని కూర్చునే పెద్దమనుషులకు తెలుసు, కుక్కను గొలుసు విప్పి వదిలే డాక్టరుగారికి మరీ బాగా తెలుసు. పాపం, ఆమె మాత్రం ఏం చేస్తుంది? ఆ ఉద్యోగమే అలాంటిది. సరస్సూ, చుట్టూ ఉన్న పచ్చిక బయళ్ళూ, చిత్తడి నేలలూ, తుప్పలూ అన్నీ ప్రజల ఆస్తి. అక్కడ మనుషులు నడవాలి, పడవలెక్కాలి, చేపలు పట్టుకోవాలి, దుప్పటి పరుచుకుని ఓ కునుకు తీయాలి. సరిగ్గా అదే చోట పిట్టలు గూళ్ళు కట్టుకోవాలి, నీటికుక్కలు పిల్లల్ని సాకాలి. ఈ ఇద్దరికీ తగువు రాకుండా చూడమని ఆమెకు జీతమిస్తున్నారు. ఇద్దరు తోడికోడళ్ళకు ఒకే వంటిల్లిచ్చి, మధ్యలో అత్తగారిని కుర్చీ వేసి కూర్చోబెట్టినట్టుంటుంది. కోపం రాక ఏమొస్తుంది?

ఆ ఏడు ఆమె గుండెల మీద కూర్చున్నది మాత్రం ఒక్కటే, సరస్సు మధ్యనున్న ఇసుక దిబ్బ. ఆమె ఉద్యోగంలో చేరిన కొత్తల్లో ఆ దిబ్బ మీద కత్తెరతోక పిట్టలు గుడ్లు పెట్టేవి. తెల్లటి ఒళ్ళు, నెత్తిన నల్లటి టోపీ, పసుప్పచ్చ ముక్కు, కత్తెరలా చీలిన తోక. వాటికి గూడంటూ పెద్ద ఆర్భాటం ఉండదు. ఇసుకలోనో గులకరాళ్ళలోనో ఓ గుంట చేసుకుని గుడ్లు పెట్టేసి కూర్చుంటాయి. దిబ్బ మీదికి మనుషులు రావడం మొదలయ్యాక అవి ముఖం చాటేశాయి. వలస పోతూ పైనుంచి ఓసారి కేకేసి పోవడమే తప్ప దిగింది లేదు. ఆ కేక విన్నప్పుడల్లా మేనేజరమ్మకు సొంతింటి వాళ్ళు గుమ్మం దాకా వచ్చి వెళ్ళిపోయినంత బాధగా ఉండేది. పైకి మాత్రం చెప్పుకునేది కాదు, ఇంకెవరి మీదనో కేకలేసేది.

దిబ్బ కోసం కాచుకుని ఉన్న రెండోవారు బోటు క్లబ్బు వాళ్ళు. ఆ క్లబ్బు అధ్యక్షుడు ఎవరో కాదు, మేనేజరమ్మకు సాక్షాత్తూ అక్క మొగుడు. మనిషి మంచివాడే, గొంతే పెద్దది. ఆయన రహస్యం చెబితే అవతలి ఒడ్డున ఉన్నవాళ్ళు కూడా తలూపుతారని వాళ్ళావిడే అంటుంది. దిబ్బ మీద బెంచీలు వేసి, గొడుగులు పాతి, పడవల్లో జనాన్ని తెచ్చి దించాలని ఆయన కోరిక. మెట్లెక్కలేని ముసలివాళ్ళూ, ఊళ్ళో ఇరుకు గదుల్లో మగ్గే పిల్లలూ అక్కడ కాసేపు గాలి పీల్చుకుంటారని ఆయన వాదన. అదీ కొట్టిపారేసే మాట కాదు. అందుకే మేనేజరమ్మకు మరీ ఒళ్ళు మండేది.

సరస్సు సంఘం వాళ్ళు ఇద్దరి మాటా విని, గడ్డాలు నిమురుకుని, చివరికి ఒక తీర్పు చెప్పారు. ఎండలు ముదిరేదాకా దిబ్బ పిట్టలది. ఈలోగా దిబ్బ మీద ఒక్క గూడు పడినా సరే, ఇక అది ఎప్పటికీ పిట్టలదే, మనిషి కాలు పెట్టకూడదు. పడలేదా, బోటు క్లబ్బుకి ఇచ్చేస్తారు.

"ఇంకేం, బెంచీలకి రంగేదో ఇప్పుడే చెప్పు మరదలా. నీకిష్టమైన రంగే వేయిస్తా" అన్నాడు బావ, మెట్లు దిగుతూ.

"మీ బోట్లకి లంగరు తాళ్ళు గట్టివి కొనుక్కోండి బావా. ఒడ్డునే కట్టేసి ఉంచాలిగా" అంది మేనేజరమ్మ.

వచ్చే పోయే పిట్టల్ని దింపాలంటే ఒక ఉపాయముంది. అవి ఒంటరిగా దిగవు, నలుగురున్న చోటే దిగుతాయి. కాబట్టి ముందే కొన్ని ఉత్తుత్తి పిట్టల్ని కూర్చోబెట్టి, స్పీకరు పెట్టి వాటి కేకలు వినిపిస్తే, ఇక్కడేదో బాగానే ఉన్నట్టుందే అనుకుని దిగుతాయి. మరి ఉత్తుత్తి పిట్టల్ని ఎవరు చేయాలి? మేనేజరమ్మ మొగుడు పళ్ళ డాక్టరు దగ్గర కట్టుడు పళ్ళు చేసే పనిమంతుడు. ప్లాస్టరూ, అచ్చులూ, సన్నటి కుంచెలూ ఇంట్లోనే ఉంటాయి. ఆ పెద్దమనిషి మాటలు తక్కువ, పట్టింపు ఎక్కువ. పంటికి రంగు కుదరకపోతే అన్నం ముద్ద దిగదాయనకి. నెలకు పైగా వంటింటి గట్టు మీద, మంచం కింద, అలమారలో బట్టల మధ్య, ఎక్కడ చూసినా పిట్టలే. ఒకదానికి మెడ కాస్త పక్కకు వాలింది. పారేయమంటే ఒప్పుకోలేదు.

"అలా వాలిస్తేనే కదే, వినేటట్టు ఉంటుంది" అన్నాడు.

సగం పిట్టలు సిద్ధం కాగానే దిబ్బ మీదికి చేర్చారు. ఆఫీసు పడవ రిపేరులో ఉండి, చచ్చినట్టు బావ పడవే అడగాల్సి వచ్చింది. బావ దారి పొడుగునా నవ్వాడు. "మా తోడల్లుడు జనానికి పళ్ళు కట్టీ కట్టీ విసుగొచ్చి పిట్టలకి దిగాడు. చూడు, ఈ ముక్కులకి గ్యారంటీ ఇస్తున్నాడేమో అడుగు." అయినా ఒక్కో పిట్టనూ రెండు చేతులతో పట్టుకుని, ఆమె చూపించిన చోటే ఇసుకలో గుచ్చి పెట్టాడు. అదీ చెప్పాలి.

మిగతా సగం పిట్టలకు వార్నిషు వాసన పోలేదు. ఆ వాసనకు పిట్టలు బెదురుతాయని మేనేజరమ్మ వాటిని ఆఫీసు మేడ మీద ఎండలో పెట్టించింది. ఒక్క అంతస్తు కొట్టు లాంటి ఆఫీసు అది. పైకప్పు కారుతుంటే కిందటేడు తారు పోసి, దాని మీద సన్న గులకరాళ్ళు పరిచారు. స్పీకరు కూడా అక్కడే. తీరా దిబ్బ మీద పెట్టాక ఆగిపోతే అస్తమానం బావ కాళ్ళు పట్టుకుని పడవ ఎవరు తెస్తారని ఆమె జాగ్రత్త. "పొద్దుటి నుంచి సాయంత్రం దాకా మోగనివ్వండి. కొన్నాళ్ళు ఆగకుండా మోగిందా, అప్పుడు దిబ్బకు తీసుకెళ్దాం" అని అసిస్టెంటుకు హుకుం జారీ చేసింది. ఆ అసిస్టెంటును అందరూ నిదానం అంటారు. ఇల్లంటుకున్నా, బకెట్టు ఎక్కడుందో వివరంగా చెప్పి గానీ లేవడు.

ఇక చూడండి మేనేజరమ్మ అవస్థ. బైనాక్యులర్స్ కళ్ళకు కట్టుకున్నట్టే కిటికీ దగ్గర పాతుకుపోయింది. కళ్ళలో వత్తులు వేసుకుని దిబ్బ వంక చూసింది. దిబ్బ మీద మొగుడు చేసిన పిట్టలు తప్ప ఇంకో పిట్ట లేదు. ఓసారి ఒక కొంగ వచ్చి, ప్లాస్టరు పిట్టను ముక్కుతో పొడిచి, ఛీకొట్టినట్టు వెళ్ళిపోయింది. ఎండలు పెరుగుతున్నాయి. బావ బెంచీలకు కలప కూడా మాట్లాడేశాడని అక్క ఫోన్లో చెప్పింది. పై నుంచి స్పీకరు కేకలు ఒకటే రొద. ఆమెకు తలనొప్పి పట్టుకుంది. పైగా ఆఫీసుకొచ్చే వాళ్ళ నెత్తి మీద అప్పుడప్పుడూ తెల్లగా ఏదో పడుతోందని ఫిర్యాదులు. "పావురాలయ్యుంటాయి. గొడుగేసుకుని రమ్మనండి" అని కసురుకుంది.

ఒకనాటి మధ్యాహ్నం ఇక భరించలేకపోయింది. "నిదానంగారూ, దయచేసి ఆ స్పీకరు కాసేపు ఆపండి. నా బుర్ర పగిలిపోతోంది."

నిదానం ఫైలు మూసి, కళ్ళజోడు తుడుచుకుని, అప్పుడన్నాడు. "అది పొద్దున్నే ఆపేశానండీ. వైరు ఊడింది."

"ఆపేస్తే ఆ గోలేమిటి?"

ఇద్దరూ పైకప్పు వంక చూశారు. గోల అలాగే ఉంది. నిజానికి ఇంకాస్త ఎక్కువే ఉంది.

మేనేజరమ్మ మెట్లు ఎలా ఎక్కిందో ఆమెకే తెలియదు. చివరి మెట్టు మీద కూర్చుని తల మాత్రం పైకెత్తింది. గులకరాళ్ళ మీద, ప్లాస్టరు పిట్టల మధ్య, అసలు పిట్టలు. ఒకటా రెండా, మేడ నిండా. కొన్ని రాళ్ళలో పొట్ట ఆనించి గుంటలు చేసుకుంటున్నాయి, కొన్ని పోట్లాడుకుంటున్నాయి, ఒకటి ప్లాస్టరు పిట్ట వీపెక్కి దర్జాగా రెక్కలు దులుపుకుంటోంది. స్పీకరు కేకలనుకుని తిట్టిపోసిందంతా వీటినే. ఇన్నాళ్ళూ తను దిబ్బ వంక చూస్తూ కూర్చుంటే అవి తన నెత్తినే కాపురం పెట్టేశాయి. మేనేజరమ్మకు నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది, రెండూ కలిసి ఎక్కిళ్ళొచ్చాయి. అంత సంతోషం ఆమె ఎరగదు. కొంగు నోట్లో కుక్కుకుని చప్పుడు కాకుండా కిందికి దిగింది.

కింద నిదానం ఆమె సంతోషం మీద నెమ్మదిగా నీళ్ళు చల్లాడు. "తీర్పులో ఉన్నది దిబ్బ మాటండీ. మేడ మాట లేదు."

నిజమే. పిట్టలొచ్చాయి, దిబ్బ మీద గూడు పడలేదు. ఇక్కడ గుడ్లు పెట్టేస్తే ఈ ఏటికి ఇక దిబ్బకు పోవు. దిబ్బ బావదే.

"ఇంకా గుడ్లు పెట్టలేదండీ" అన్నాడు నిదానం గొంతు తగ్గించి. "గుడ్లు పెట్టాక కదిలిస్తే నేరం. ఇప్పుడైతే చట్టం ఏమీ అనదు. ఒక్కసారి పైకెళ్ళి గట్టిగా చప్పట్లు కొట్టి, మన ప్లాస్టరు పిట్టల్ని తీసేస్తే చాలు. ఎదురుగా దిబ్బ కనబడుతూనే ఉంది, అక్కడా వీటి బొమ్మలే ఉన్నాయి. అటే పోతాయి. పోతాయనే అనుకుంటున్నా."

సలహా బాగానే ఉంది. ఒక్క చప్పట్లతో దిబ్బ ఎప్పటికీ పిట్టలదైపోతుంది. ఈ ఏడే కాదు, ఆమె తర్వాత వచ్చే మేనేజర్ల కాలంలో కూడా. మేనేజరమ్మ చేతులు చీరకు తుడుచుకుని మళ్ళీ మెట్లెక్కింది. ఈసారి నిలబడింది. చేతులు ఎత్తింది.

అప్పుడే ఒక మగపిట్ట నీటి మీద నుంచి వచ్చి దిగింది. ముక్కున వెండి ముక్కలాంటి చేప. పెళ్ళిచూపులకు పళ్ళబుట్టతో వచ్చినవాడి తీరుగా ఛాతీ విరుచుకుని నడిచి, తిన్నగా ఆ మెడవాలు ప్లాస్టరు పిట్ట ముందు నిలబడింది. చేప అందించింది. అది తీసుకోలేదు. ఇటు తిరిగి అందించింది, అటు తిరిగి అందించింది. తల వంచి మర్యాదగా మళ్ళీ అందించింది. మెడవాలు పిట్ట వింటున్నట్టే ఉంది గానీ ముక్కు తెరవదు. పాపం, మగపిట్ట చేప పట్టుకుని దిక్కుతోచక అటూ ఇటూ చూసింది. పక్కనే ఒక నిజం ఆడపిట్ట ఉంది. అది ఇదంతా చూస్తూనే ఉంది కాబోలు, రెండడుగులు ముందుకొచ్చి నోరు తెరిచింది. మగపిట్ట చేప దాని నోట్లో పెట్టింది. ఆడపిట్ట గుటుక్కున మింగి, అక్కడే రాళ్ళలో పొట్ట ఆనించి గుంట చేసుకోవడం మొదలుపెట్టింది.

మేనేజరమ్మ ఎత్తిన చేతులు అలాగే దించేసింది. తన వల్ల కాలేదు.

ఆ సాయంత్రమే బోటు షెడ్డుకెళ్ళింది. బావ పడవ బోర్లించి అడుగుకు రంగేస్తున్నాడు.

"బావా, దిబ్బ మీ క్లబ్బుదే. తీసేసుకోండి."

బావ కుంచె డబ్బాలో పెట్టి ఆమె ముఖంలోకి చూశాడు. "ఒంట్లో బాగాలేదా మరదలా?"

"బాగానే ఉంది. పిట్టలొచ్చాయి."

"పిట్టలొస్తే దిబ్బ నీదవుతుంది గానీ నాకెందుకిస్తున్నావు?"

"దిబ్బ మీదికి రాలేదు. మా ఆఫీసు నెత్తినెక్కాయి."

బావ నవ్వడం మొదలుపెట్టాడు. నవ్వీ నవ్వీ పడవ పట్టుకుని కింద కూర్చున్నాడు. షెడ్డు రేకులు అదిరాయి. ఆమె నిలబడి చూసింది. నవ్వు తగ్గాక కళ్ళు తుడుచుకుంటూ అన్నాడు. "అయినా పిచ్చిదానా, నువ్వు చెప్పకపోతే నాకెలా తెలుస్తుంది? ఓ నాలుగు చప్పట్లు కొట్టి తోలేస్తే పోయేదిగా."

"కొడదామనే ఎక్కాను."

"మరి?"

"వాడు చేప తెచ్చాడు బావా" అంది.

బావకు ముక్క అర్థం కాలేదు. వచ్చి మేడ మెట్ల మీద కూర్చుని చూశాడు. చాలాసేపే చూశాడు. దిగి వచ్చి చేతులు దులుపుకుని, "అయినా సరే, మాట మాటే. దిబ్బ నాదే" అన్నాడు.

"మీదే. ఎవరు కాదన్నారు?" అంది. ఆయన వెళ్ళాక ఆఫీసు వెనక్కి పోయి కాసేపు ఏడ్చుకుంది. దిబ్బ పోయింది మరి. పైన కేకలు వింటుంటే మాత్రం ఏడుపు నిలవడం లేదు, మధ్యలోనే నవ్వొచ్చేస్తోంది.

ఆ తర్వాత సరస్సు దగ్గర జరిగినదంతా సంబరమే. ఆఫీసు ఖాళీ చేసి, బల్లా కుర్చీలూ చెట్టు కింద గుడారంలోకి మార్చారు. చప్పుడు చేయకూడదని మేనేజరమ్మ మనుషుల్ని సైగలతో తిట్టడం నేర్చుకుంది. పక్కనున్న నీళ్ళ ట్యాంకు మెట్ల మీది నుంచి చూస్తే మేడంతా కనబడుతుంది, అక్కడ రోజూ జనం బారు తీరేవారు. ఏది ప్లాస్టరు, ఏది పిట్ట అని పందేలు వేసుకునేవారు. గాలాల పెద్దమనుషులు మడత కుర్చీలు ఇటు మార్చుకున్నారు. డాక్టరుగారు కుక్కకు గొలుసు వేసి, అది చాలదన్నట్టు చంకనెత్తుకుని మరీ వచ్చాడు. మొగుడైతే ట్యాంకు మెట్ల దగ్గర నిలబడి, ఆ మెడవాలు పిట్టకే మగపిట్ట మొదట చేప ఇచ్చిందండీ అని, అడిగినవాళ్ళకూ అడగనివాళ్ళకూ చెప్పాడు. పెళ్ళయ్యాక ఆయన అన్ని మాటలు మాట్లాడగా ఆమె వినడం అదే.

పిల్లలు గుడ్లలోంచి బయటపడ్డాక కొత్త కంగారు. గోడ పొట్టిది, వాననీళ్ళు పోయే తూముల్లోంచి పిల్లలు జారిపోతాయి. మొగుడు తూములకు సన్నటి జల్లెడ తీగ బిగించాడు. ఎండ సోకకుండా చిన్న చిన్న ప్లాస్టరు గొడుగులు పోతపోసి పెట్టాడు. ఎండ ఎక్కాక ఆ గొడుగుల కింద పిల్లలు ముడుచుకుని కూర్చుంటే చూడాలి, ఇసుక రంగు దూది ఉండల్లా.

బావ కూడా వచ్చేవాడు. దిబ్బ మీద బెంచీల పని చూసి వెళ్తూ, ఏదో దారిన పోతూ ఆగినట్టు వచ్చి, మెట్ల మీద ఒక మూల నిలబడేవాడు. "నాకేం పని లేదు, మీ అక్క ఫ్లాస్కులో టీ పంపింది, ఇచ్చిపోదామని" అనేవాడు. ఫ్లాస్కు ఎప్పుడూ సగం ఖాళీగానే ఉండేది. నిలబడి తాగేది ఆయనే.

ఎండలు ముదిరాయి. సంఘం వాళ్ళు తీర్పు ప్రకారం దిబ్బ కాగితాలు బావ చేతిలో పెట్టారు. ఒక ఆదివారం పొద్దున ప్రారంభం. బావ కొత్త చొక్కా వేసుకున్నాడు. ముసలివాళ్ళతో, పిల్లాజెల్లాతో పడవలు నిండాయి. మేనేజరమ్మను రమ్మని అక్కాబావలిద్దరూ బతిమాలారు. "నాకు పనుంది" అంది. పనేమీ లేదు. ఆ బెంచీలు చూడటం ఆమె వల్ల కాదు, అంతే.

ఆ పూటే పిట్ట పిల్లలు మేడ గోడ మీదికెక్కాయి. నాలుగు రోజులుగా రెక్కలు కొట్టుకుంటున్నవే. గాలి ఓ తోపు తోసింది. ఒకటి లేచింది, దాని వెనకే ఇంకొకటి, ఆ వెంటనే అన్నీ. ట్యాంకు మెట్ల మీది జనం నోళ్ళు వెళ్ళబెట్టి చూశారు. తల్లిదండ్రులు కేకలు వేస్తూ ముందు, పిల్లలు తడబడుతూ వెనక. కొత్త రెక్కలు ఎంత దూరం మోస్తాయి? నీటి మీద కాసేపు ఊగిసలాడి, కనబడిన మొదటి ఇసుక వైపు తిరిగాయి. దిబ్బ.

అక్కడ పిల్లలు పరుగులు పెడుతుంటారు, బంతులు విసురుకుంటుంటారు. అలసిపోయిన పిట్టపిల్ల ఇసుక మీద దిగితే పాదం కింద పడిపోతుంది, మనుషుల్ని చూసి మళ్ళీ లేస్తే నీళ్ళలో కూలుతుంది. చెప్పులు ఎక్కడో పడిపోయాయి, మేనేజరమ్మ ఒడ్డుకు పరుగెత్తింది. అరవడానికి నోరు తెరిచింది. అరిస్తే పిట్టలే బెదురుతాయని మళ్ళీ మూసుకుంది.

దిబ్బ మీద బెంచీలన్నీ ఖాళీగా ఉన్నాయి. మనుషులు లేరు. ఒక్క క్షణం ఆమెకు అర్థం కాలేదు. ఆ తర్వాత కనిపించారు. ముసలివాళ్ళను పడవల్లోకి ఎక్కించేశారు. పిల్లల్ని భుజాలకెత్తుకుని, మిగతా వాళ్ళంతా నీళ్ళలోకి దిగి నిలబడ్డారు, దిబ్బ చుట్టూ. ఎవరూ మాట్లాడటం లేదు. ఇసుకంతా వదిలేసి, పిట్టలకు చోటిచ్చి, నోటి మీద వేలేసుకుని చూస్తున్నారు. పిట్టపిల్లలు ఒక్కొక్కటే దిగుతున్నాయి.

ఆమె ఫోను మోగింది. బావ. గుసగుసగా మాట్లాడుతున్నాడు. ఆయన గొంతు అంత సన్నగా వినడం ఆమెకు అదే మొదలు.

"మరదలా, పిల్లలు దిగాయి. అన్నీ దిగాయి. కంగారు పడకు, ఎవరూ తొక్కలేదు."

ఆమె ఫోను చెవికి అదుముకుంది.

"వింటున్నావా? ఈ బెంచీలు ఎప్పుడు తీయించమంటావు? ఇప్పుడు తీస్తే చప్పుడవుతుంది."

"దిబ్బ మీది కదా బావా" అంది ఎలాగో.

"నాదే కదా. నా దిబ్బ నా ఇష్టం, వీళ్ళకిచ్చేశా. మా ముసలివాళ్ళు కూడా పడవలోంచి చూస్తే చాలంటున్నారు. ఇంకోలా అంటే ఊరుకుంటానా?"

మేనేజరమ్మ ఒడ్డున బురదలోనే కూలబడి ఏడ్చేసింది. దాచుకోలేదు, నలుగురూ చూస్తున్నారని కూడా అనుకోలేదు. ఇంత పెద్ద గొంతు మనిషి లోపల ఇంత మెత్తదనం ఉందని ఇన్నేళ్ళూ కనిపెట్టలేకపోయింది.

"సరే బావా, సాయంత్రం తీయిద్దాం. ముందు బయటికి రండి. నాని నాని జబ్బు చేస్తుంది" అంది ముక్కు చీదుకుంటూ.

"ఇప్పుడు కదల్లేనే. ఒకడు నా పక్కనే దిగాడు. వాళ్ళమ్మ ఇంకా చేప తేలేదు" అన్నాడు బావ. కొత్త చొక్కాతో, మొలలోతు నీళ్ళలో, అలాగే నిలబడ్డాడు.